పొయ్యి కదిలిన ఏడాది

ఆశ్వయుజం చివర తుఫాను వచ్చి మా ఊరి అంగన్‌వాడీ రేకులు లేపుకుపోయింది. కొన్ని కింద రాగి చేలో దొరికాయి. కొన్నింటిని ఊరి కింది వాగు, మా గెడ్డ, పట్టుకుపోయింది. గోడలు నిలిచాయి గాని వాటి మీద రంగులతో వేసిన ఏనుగు, ఉడత, అ ఆలు అన్నీ ఒకదాంట్లోకొకటి కారిపోయాయి. అప్పటికే కాఫీ పళ్లు ఎరుపెక్కుతున్నాయి. ఇంకొన్నాళ్లలో ఊరి ఆడవాళ్లంతా తెల్లారేసరికి తోటల్లో ఉండాల్సిన కాలం.

వాన వెలిసిన మర్నాడు నిర్మల మా ఇంటికొచ్చింది. అంగన్‌వాడీ టీచరు. నాకు కూతురి వరస.

"సిన్నాన్నా, నీ ముందుగది ఇత్తావేటి?" అంది, గడప మీద కూర్చుంటూనే. "ఎండాకాలం దాకా కప్పు ఎయ్యరంట. అందాకా ఇల్లు సూడమన్నారు. దొరక్కపోతే మన సెంటరుని గెడ్డ అవతల దిగువూరి సెంటర్లో కలిపేత్తారంట. ఒకసారి కలిపీసినాక మరి రాదు సిన్నాన్నా."

సెంటరుకి ఇచ్చే ఇంట్లో కుళాయి ఉండాలి, మరుగుదొడ్డి ఉండాలి, గాలి వెలుతురు ఉండాలి. ఊళ్లో అవన్నీ ఉన్న ఇల్లు మాదొక్కటే. మా కొడుకు కొండబాబు చింతపల్లి దారిలో జీపు నడుపుతాడు. వాడు కట్టించాడు.

"దానికేటి, పెట్టుకోండి" అన్నాను.

పొయ్యి దగ్గర నుంచి ఈశ్వరమ్మ, నా భార్య, తలెత్తకుండానే అంది. "నన్నడిగినావేటి? ఆ పిల్లగుంటలొచ్చి నా కుండలు పగలగొడితే గవర్నమెంటు కుండలిత్తాదేటి?"

"కుండలియ్యదు పిన్నీ. గుడ్లిత్తాది" అంది నిర్మల.

ఈశ్వరమ్మ నవ్వింది. నవ్వింది గనక ఒప్పుకుందనుకున్నాం.

మా ఇంట్లో పొయ్యి ముందుగదిలోనే ఉంటుంది. సిమెంటు ఇల్లు కట్టేటప్పుడు కొడుకు వెనక వంటగది వేస్తానన్నాడు. ఈశ్వరమ్మ వెయ్యనివ్వలేదు. పాత ఇంట్లో పొయ్యి ఏ మూల ఉండేదో ఆ మూలే, ఆ మూడు రాళ్లే ఉంచింది. మా ఇంటి దేవత ఆ రాళ్ల దగ్గర ఉంటుంది. ఆవిడకి బొమ్మ లేదు, పటం లేదు. కొత్త కొర్రలైనా, కొత్త చిక్కుళ్లయినా, ముందు ఆ నిప్పులో చిటికెడు పడ్డాకే మా నోట్లోకి వస్తాయి. ఆ నిప్పు ఆరదు. పొద్దుగూకాక బూడిద కప్పి, తెల్లవారి ఊది లేపుతుంది ఈశ్వరమ్మ. ఎదురు గోడకి సింహాద్రి అప్పన్న పటం ఉంది. దానికి రోజూ దీపం పెట్టేది నేను. శనివారం ఒంటిపూట ఉంటాను. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి, నాకు శాస్త్రాలు తెలియవు. కానీ ఆ ఇద్దరి మధ్యా మా ఇంట్లో ఎప్పుడూ తగువు రాలేదు. తగువు సర్కారు రూలుతో వచ్చింది.

సూపర్‌వైజరు ప్రసన్న గారు విజయనగరం వైపు మనిషి. జీపు దిగి, బురదలో పైదాకా నడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. కుళాయి తిప్పి చూసింది. కిటికీలు తెరిచి చూసింది. మరుగుదొడ్డి తలుపు గడియ పడుతుందో లేదో కూడా చూసింది. "చాలా బాగుందండి" అని, ఇటు తిరిగి పొయ్యిని చూసి ఆగింది.

"పిల్లలు కూర్చునే గదిలో పొయ్యి ఉండకూడదండి."

"అది మా ఇంటి దేవత ఉండే చోటమ్మా" అన్నాను.

"దాని మీద వండుతారు కదా?"

"వండుతాం."

"అయితే పొయ్యే కదండి."

 ఈశ్వరమ్మ అందుకుంది. "నా కొడుకు ఈ నిప్పు పక్కనే పాకినాడు. కాలిపోనాడేటి?"

"కాలలేదు. మీ అదృష్టం" అంది ప్రసన్న గారు. నెమ్మదిగానే అంది. "ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఒక పాప మీద గంజి ఒలికింది. ఆసుపత్రికి నేనే ఎత్తుకెళ్లాను. ఆ పాప ఇప్పటికీ ఎడమ చెయ్యి పూర్తిగా చాపలేదు. ఇంకేదైనా అడగండి, సర్దుతాను. ఈ ఒక్కదానికి మాత్రం నన్ను బతిమాలకండి. వెనక పంచలోకి మార్చేయండి, ఆ పూటే సరేనని రాసేస్తాను. సంతలు రెండు గడిచాక మళ్లీ వస్తాను. అప్పటికీ కాకపోతే దిగువూరిలో కలిపేయమంటారు. నా చేతిలో ఉండదు."

ఆ పొయ్యి మీదే కాచిన టీ తాగి, గ్లాసు తనే కడిగిపెట్టి వెళ్లింది.

ఆమె చెప్పింది తప్పని నాకు అనిపించలేదు. అలాగని దేవతని పంచలోకి వెళ్లమని చెప్పడానికి నోరూ రాలేదు. ఈశ్వరమ్మ ఆ వేళ నుంచి ఆ మాట ఎత్తితే లేచి పనిలోకి పోయేది.

నిర్మల పిల్లల్ని దిగువూరు తీసుకెళ్లి చూసింది. గెడ్డకి అడ్డంగా తాడు కట్టి, పెద్ద పిల్లలు తాడు పట్టుకుంటే చిన్నవాళ్లని చంకనెత్తుకుని దాటించింది. కొండ మీద వాన పడి, చూస్తుండగానే నీళ్లు ఎర్రబడ్డాయి. తిరిగొచ్చేసరికి నడుము దాకా తడిసిన పిల్లల్ని చూసి తల్లులు మరి పంపలేదు. కాఫీ కోతలు మొదలయ్యాయి. పిల్లలు తల్లుల వెంట తోటలకి వెళ్లారు.

నేనూ ఆ వారంలో బస్తాలు మొయ్యడానికి మా తోటకి వెళ్లాను. మంచు ఇంకా విడవలేదు. ఎత్తుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియం తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. కోడలు కనక నడుముకి బుట్ట కట్టుకుని పళ్లు కోస్తోంది. ఆమెకి కాస్త కింద, ఒక చెట్టు మొదట్లో గోనె పరిచి ఉంది. దాని మీద నా మనవరాలు భానుశ్రీ కూర్చుని చీమల బారుకి పుల్ల అడ్డం పెడుతోంది. దాని నడుముకి పాత చీర పేలిక. పేలిక రెండో కొస చెట్టుకి కట్టి ఉంది. ఆ చెట్టు దాటితే లోయ.

ఇందులో వింతేమీ లేదు. నా కొడుకునీ ఇలాగే కట్టేవాళ్లం. నన్నూ కట్టి ఉంటారు. అయినా నా బస్తా కిందికి దిగిపోయింది.

"ఎల్లకాలం ఇలగే కట్టీవోలం కదేటే" అన్నాను కనకతో. నాకు నేను చెప్పుకున్నట్టే అన్నాను.

"ఔను మావా. మా యమ్మ నన్నూ కట్టీసేది. నాకప్పుడు తెల్దు." పళ్లు బుట్టలో పడుతున్నాయి. "ఇది బడికెల్లొచ్చిన గుంట. పొద్దున్న కడతంటే, నానేటి తప్పు సేసినానే అమ్మా అనడిగింది."

 భానుశ్రీ ఒక ఎర్రటి పండు నాకిచ్చి, "తియ్యగున్నాది తాతా, గింజ మింగకు" అని జాగ్రత్త చెప్పింది.

ఆ సాయంత్రం దిసారి మంగ్లు దగ్గరికి వెళ్లాను. మంచిరోజులు చూసేది, దేవతలకి మా మాట, మాకు దేవతల మాట చేరవేసేది ఆయనే. నాకు మేనమామ వరస. వాకిట్లో కూర్చుని వెదురు చీలుస్తున్నాడు.

"మావా, మా ఇంటి దేవత పంచలోకి కదుల్తాదేటి?"

"ఎందుకు కదల్దు? మీ తాతలు పై కొండ మీంచి ఊరు దించినప్పుడు ఆ రాల్లు నడిసొచ్చినాయేటి? నెత్తిమీదెట్టుకుని తెచ్చినారు."

"మరి ఈశ్వరమ్మ కదపకూడదంతాది."

ఆయన కత్తి పక్కన పెట్టాడు. "అల్లుడా, రాల్లు కదిపినాక మల్లీ ఎట్టాల్సింది ఎవులు?"

అప్పుడు తెలిసింది నాకు. ఇన్ని రోజులు పక్కనే ఉండి ఎలా మరిచానో. మా ఇళ్లలో పొయ్యి కదిపితే తిరిగి పెట్టేది కోడలు. పెట్టిన చేతిదే ఆ తర్వాత పొయ్యి. ఏ పూట ఏం వండాలి, గింజలు ఎన్ని తియ్యాలి, ఎవరికి ముందు పెట్టాలి, అన్నీ ఆమె మాటే. అత్త పొయ్యి దగ్గర కూర్చోవచ్చు, ఊదకూడదు. మామూలుగా అత్త చూపు మందగించి, చెయ్యి వణికే వయసులో జరిగే పని అది. నా భార్య ఇంకా కట్టెలమోపు ఎత్తుకుని నాకంటే ముందు ఇల్లు చేరుతుంది.

"దేవతని అడగమంతావేటి మావా?"

"అడుగుదాం. ఒక కోడి పోద్ది. నీ పెల్లాన్ని అడిగితే కోడి మిగుల్తాది" అని మళ్లీ కత్తి అందుకున్నాడు.

నేను ఈశ్వరమ్మని అడగలేదు. ఎలా అడగను? ఇల్లు ఇచ్చెయ్యమని ఇంటావిడని అడగడానికి ఏ మాటలు వాడాలో నాకు తెలియలేదు. దీపం పెట్టేటప్పుడు అప్పన్నకే చెప్పుకున్నాను. ఆయన వింటాడు. అంతే.

ప్రసన్న గారు వస్తానన్న రోజు వచ్చింది. ఈశ్వరమ్మ తెల్లవారుతూనే గది కడిగి, ముగ్గు పెట్టి, కొత్త చాపలు పరిచింది. నేను అప్పన్నకి దీపం పెట్టి వెనక్కి తిరిగేసరికి పొయ్యి మూల పొయ్యి లేదు. ధాన్యం కొలిచే పెద్ద వెదురు గంప బోర్లించి ఉంది. దాని మీద మడతపెట్టిన దుప్పటి.

"ఇదేటే?"

"నిప్పు కనపడకూడదు. అంతే కదా ఆవిడికి కావాల్సింది. నువ్వు నోరిప్పకు."

నిర్మల పిల్లల్ని తెచ్చి చాపల మీద కూర్చోబెట్టింది. ప్రసన్న గారు వచ్చి, గది చూసి ముఖం వికసించి, ఫొటో తియ్యడానికి ఫోను పైకెత్తింది. "పొయ్యి ఎక్కడ పెట్టారండీ?"

"తీసీసినాం" అంది ఈశ్వరమ్మ.

అంతలో గంప అల్లిక సందుల్లోంచి సన్నగా పొగ లేచింది. పొగ దుప్పటి చుట్టూ తిరిగి కిటికీ వైపు వెళ్లింది. అందరం చూశాం. 

"నాయనమ్మా, గంప సుట్ట కాలుత్తన్నాది" అంది భానుశ్రీ.

పిల్లలంతా గొల్లున నవ్వారు. ఆ నవ్వులో భానుశ్రీ లేచి వెళ్లి, లోపల ఎవరున్నారో చూద్దామని గంప అంచు ఎత్తింది. ఈశ్వరమ్మ ఎలా దూకిందో నాకు తెలియదు. పిల్ల చెయ్యి వెనక్కి లాగి, పడబోతున్న గంపని తన అరచేత్తో తోసింది. గంప అడుగు అప్పటికే నిప్పంటుకుని రగులుతోంది. ఒక నిప్పు దొర్లి చాప మీద పడితే నిర్మల చెంబుడు నీళ్లు పోసింది.

ప్రసన్న గారు ముందు పిల్ల చేతులు రెండూ తిప్పి చూసింది. ఏమీ కాలేదు. ఫోను సంచిలో పెట్టేసుకుంది. "ఇవాళ నేను ఫొటో తియ్యలేదు. దిగువూరు చూసుకుని రేపు కాక ఎల్లుండి ఇటే దిగుతాను" అని మాత్రం అని వెళ్లిపోయింది. ఆమె తిట్టి ఉంటే ఈశ్వరమ్మకి తేలికగా ఉండేదేమో.

కాలిన చేతిని ఈశ్వరమ్మ చెంగులో దాచుకుంది. మర్నాడు పొద్దున్న తేనె రాస్తానంటే ఇచ్చింది. అరచేయంతా బొబ్బ.

"నాను సూత్తానే ఉన్నాననుకున్నాను" అంది. "నా కల్ల ముందే ఎల్లిపోనాది గుంట."

నేను తేనె రాస్తూ ఉన్నాను.

"కనకని ఇయ్యాల తోటకెల్లొద్దను. తలంటుకోమను."

కనక తడి జుట్టు ముడేసుకుని వచ్చి గడపలో నిలబడింది. "ఏటత్తా?"

"రాల్లు ఎత్తు."

కనక నా వైపు చూసింది, మళ్లీ అత్త వైపు చూసింది. "నానా?"

"మరెవులు? నా సెయ్యి కాలింది, సూడలేదేటి?"

కనక ఒక్కొక్క రాయీ రెండు చేతులతో ఎత్తి వెనక పంచలోకి మోసింది. ఈశ్వరమ్మ ఏమీ పట్టుకోకుండా వెనకే నడిచింది. "కుడి రాయి లోపలికి తిప్పు, కుండ ఒరిగి..." అంటూ మధ్యలో ఆగి, "నీకెలగ కుదిరితే అలగ" అంది. కనక పెంకు మీద నిప్పులు తెచ్చి రాళ్ల మధ్య పోసి ఊదింది. పంచలో గాలి వేరుగా వీస్తుంది. బూడిద కళ్లలోకి లేచింది గాని నిప్పు రాజుకోలేదు. మళ్లీ ఊదింది. ఈశ్వరమ్మ పెదవులు ముందుకొచ్చాయి. ఊదలేదు. ముఖం తిప్పుకుని కొండ వైపు చూస్తూ నిలబడింది. కట్టె చిటపటలాడిన చప్పుడు విన్నాకే ఇటు తిరిగింది.

నేను చేతులు జోడించాను. వచ్చావా తల్లీ అని లోపలే అడిగాను. జవాబు రాలేదు. మా పాత మూలలో ఉన్నప్పుడు కూడా ఏనాడూ రాలేదు కదా అని సర్దుకున్నాను.

పంచకీ గదికీ మధ్య పిల్లలు దాటకుండా కొండబాబు వెదురు దడి కట్టాడు. ప్రసన్న గారు వచ్చి చూసి, ఫొటోలు తీసింది. సిగ్నలు లేక అవి మా ఇంట్లోంచి కదల్లేదు. పై బండ మీదకి వెళ్లి పంపి, కిందికి దిగుతూ అక్కడి నుంచే చెయ్యి ఊపింది. సెంటరు మా ఊళ్లోనే ఉండిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఈశ్వరమ్మకి ఇంట్లో ఎక్కడ నిలబడాలో తెలియలేదు. అలవాటుగా ఆ మూలకి వెళ్లేది. అక్కడ ఇప్పుడు బొమ్మల పెట్టె ఉంది. పంచలోకి వెళితే కనక లేచి నిలబడేది. ఇద్దరికీ ఇబ్బందే. చివరికి వచ్చి ముందు అరుగు మీద కూర్చునేది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సెంటరు తెరిచేది తొమ్మిదింటికి. కాఫీకి వెళ్లే ఆడవాళ్లు ఏడు కాకముందే ఊరు దాటాలి. పిల్లల్ని ఆ రెండు గంటలు ఎక్కడ ఉంచాలి? నిప్పు సంగతి అంత బాగా తెలిసిన రూలుకి కాఫీ సంగతి ఎందుకు తెలియలేదా అని నేను చాలాసార్లు అనుకున్నాను. తల్లులు ఎవర్నీ అడగలేదు. ఒకామె పిల్లవాణ్ణి తెచ్చి అరుగు మీద ఈశ్వరమ్మ పక్కన కూర్చోబెట్టి, "అత్తా, సూత్తుండు" అని వెళ్లిపోయింది. తర్వాతి వారానికి అరుగంతా పిల్లలే. ఈశ్వరమ్మ వాళ్లకి జుట్లు దువ్వేది, చీమిడి తుడిచేది, ఏ పిట్ట ఏమని అరుస్తుందో చెప్పేది. మొదట్లో విసుక్కుంటూ చేసింది. ఒకరోజు జ్వరం తగిలి లోపల పడుకుంటే, పిల్లలు గుమ్మం దాకా వచ్చి పేరు పెట్టి పిలిచారు. "ఈస్సరమ్మా, ఎక్కడున్నావే." తిట్టుకుంటూ లేచింది.

మార్గశిరంలో ఒక పొద్దున ప్రసన్న గారు చెప్పకుండా వచ్చింది. మంచులోంచి నడిచొచ్చి అరుగు చూసి ఆగింది.

"నిర్మలా, తొమ్మిదికి ముందు సెంటరు తెరవకూడదు కదా."

"తెరవనేదు మేడం. ఇదిగో తాళం" అంది నిర్మల. ఆమె అప్పుడే వచ్చింది.

"సెంటరు తొమ్మిదికేనమ్మా" అంది ఈశ్వరమ్మ. "ఇది నా అరుగు."

"ఎవరికైనా ఏమైనా అయితే బాధ్యత ఎవరిదండీ?"

"నాది."

"రూల్లో మీరు లేరమ్మా."

"నేకపోతే ఏటి, ఉన్నాను కదా" అని ఈశ్వరమ్మ కాలిన మచ్చ ఉన్న చేత్తోనే ఒక గుంటడి చొక్కా బొత్తాం పెట్టింది.

ప్రసన్న గారు అరుగు మీది పిల్లల్ని లెక్కపెట్టింది. "తోటలున్న ఊళ్లలో ఏడింటికే తెరవాలని పైకి రాస్తాను. ఒప్పుకుంటారని చెప్పలేను."

"రాయమ్మా. నువ్వు రాత్తే బాగుంతాది."

ఆమె చెప్పులు విప్పి, అరుగు చివర ఉన్న కాస్త చోటులో కూర్చుంది. తొమ్మిది దాకా కూర్చుంది. ఆ చొక్కా గుంటడు ఆమె మెడలో వేలాడే కార్డు పట్టుకుని, దాని మీది ఫొటోనీ ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూసి, "నువ్వేనేటి?" అని అడిగాడు. అవునని చెప్పినా నమ్మలేదు.

పుష్యమాసంలో కందికొత్త వచ్చింది. కొత్త కందికాయలు దేవతకి పెట్టి మేం తినడం మొదలుపెట్టే పండగ. ఆ ఏడు మొదటిసారి కనక పెట్టింది. కాయలు ఉడికించి, చిటికెడు గింజలు నిప్పులో వేసింది. నేను కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఎప్పుడూ ఆ సమయంలో ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఈసారి దడి అవతల పిల్లలు ఒక్క గొంతుతో ఏదో పాట పాడుతున్నారు. ఆపమందామా అనుకుని ఆగిపోయాను. దేవతకి ఏది ఇష్టమో నాకెలా తెలుస్తుంది?

మా ఇళ్లలో కొత్త పండగనాడు పొయ్యి ఎవరిదో ఆమె అందరికీ పెట్టి ఆఖర్న తింటుంది. కాపురానికొచ్చి మా అమ్మ చేతి నుంచి పొయ్యి అందుకున్నప్పటి నుంచి ఈశ్వరమ్మ అలాగే తిన్నది. అందరికీ వడ్డించి, వచ్చినవాళ్లని పంపించి, గిన్నె అడుగున చల్లారి మిగిలినవి.

కనక అడ్డాకు దొప్పలో కందికాయలు పోసుకుని దడి తీసి వచ్చింది. పిల్లల మధ్య కూర్చున్న అత్తకి ముందు ఇచ్చింది. "నాకు తరవాతలే" అంటూ ఈశ్వరమ్మ లేవబోయింది. ఒళ్లో భానుశ్రీ ఉంది, లేవలేకపోయింది. ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని, వెంటనే నోరు తెరిచి చేత్తో విసురుకుంది.

"ఇంత వేడిగా ఉంటాయేటే ఇవి?" అంది కనకతో.

"ఎప్పుడూ ఇలగే ఉంటాయత్తా" అంది కనక, ఇంకో దొప్ప నింపడానికి వెనక్కి తిరుగుతూ.